ఓరే రేవు, అన్నమ్మ గుడి: అమ్మతో రెండు రోజులు

అమ్మ ఫ్రాన్స్‌లో నేనుండే రెన్ ఊరికి వచ్చి నెల దాటింది. పారిస్ తీసుకెళ్ళాను, ఈఫిల్ టవర్ ఎక్కించాను, ఫొటోలన్నీ ఇంటి గ్రూపులో పెట్టింది. అయినా రాత్రి పడుకునే ముందు ఒకటే మాట. "జనం తక్కువున్న ఊరేదైనా చూపించవే. కాసిన్ని నీళ్ళు, ఒక గుడి ఉంటే చాలు." ఆ రెండూ పక్కపక్కనే ఉన్న ఊరు మేముండే బ్రిటనీ ప్రాంతంలో ఎక్కడుందని ఆఫీసులో అడిగితే ముగ్గురూ ఒకే పేరు చెప్పారు: ఓరే. పేరు వినగానే అమ్మకి నవ్వొచ్చింది. "ఎవర్నో కేకేసినట్టుంది" అంది.

సెప్టెంబరులో ఒక శనివారం పొద్దున బయల్దేరి ఆదివారం రాత్రికి ఇల్లు చేరాం. ఇది రాస్తున్నది ముఖ్యంగా వయసైన అమ్మానాన్నల్ని తీసుకెళ్ళాలనుకునే వాళ్ళ కోసం. మా అమ్మకి అరవై ఆరు. కుడి మోకాలు నొప్పి. అందుకే ప్రతి మెట్టూ, ప్రతి ఎత్తూ ఆమె కాలితోనే చూశాను.

రెన్ నుంచి ఓరేకి రైల్లో గంటన్నర లోపే. పారిస్ నుంచి వచ్చేవాళ్ళకి మోంపర్నాస్ స్టేషన్ నుంచి నేరుగా టీజీవీ అనే వేగం రైలు ఉంది, ఎక్కడా మారక్కర్లేదు. ఒక్క విషయం మాత్రం ముందే తెలుసుకోవాలి. స్టేషన్ ఒకచోట, ఊరి నడిబొడ్డు ఇంకోచోట, పాత రేవు ఇంకా కింద. నడిస్తే రేవుకి అరగంట పడుతుంది, చివర్లో బాగా దిగుడు. దిగడం సరే, తిరిగి ఎక్కేటప్పుడే తెలుస్తుంది. మేం టాక్సీ తీసుకున్నాం, పన్నెండు యూరోలయింది.

ఊళ్ళో బోర్డుల మీద రెండు పేర్లు ఉంటాయి. ఫ్రెంచిలో ఓరే, బ్రెటన్ భాషలో అన్ ఆల్రే. ఇక్కడ ఇంకో భాష కూడా ఉందా అని అమ్మ ఆశ్చర్యపోయింది. ఉంది, ఫ్రెంచితో దానికి చుట్టరికం లేదు, సముద్రం అవతల వేల్స్‌లో మాట్లాడే భాషకి దగ్గరిది అని చెప్పాను. ఆ భాషతో మర్నాడు మాకు పని పడుతుందని అప్పుడు అనుకోలేదు.

పాత రేవు పేరు సాన్ గుస్తాన్. నది ఇవతల కొండ మీద ఓరే ఊరు, అవతల ఒడ్డున ఈ రేవు, రెంటినీ కలుపుతూ నాలుగు కమానుల రాతి వంతెన. వంతెన స్తంభాలు నీటికి ఎదురుగా కోసుగా ముందుకొచ్చి ఉంటాయి. ఆ కోసులు పైదాకా కట్టడం వల్ల దారి పక్కన ఇద్దరు నిలబడేంత మూలలు ఏర్పడ్డాయి. అమ్మ మోకాలికి అవి దేవుడిచ్చిన చోట్లు. ఒక మూలలో గోడకి ఆనుకుని నిలబడి కిందకి చూస్తే నీళ్ళు ఎదురు దిక్కుకి పోతున్నాయి.

"నది సముద్రంలోకి పోవాలి కదే, ఇదేంటి కొండ మీదకి పోతోంది?"

అది పోటు వేళ. ఓరే నది ఇక్కడికి వచ్చేసరికి సగం నది, సగం సముద్రం. మోర్బియాన్ అఖాతం లోంచి పోటు నీళ్ళు వంతెన కింద దాకా వస్తాయి. గడ్డిపోచలు, ఒక ఖాళీ సీసా, సముద్రపు నాచు ముక్కలు కమానుల కిందుగా ఊరివైపు ఎక్కుతుంటే ఇరవై నిమిషాలు కదలకుండా చూసింది. సాయంత్రం మళ్ళీ అక్కడికే వస్తే నీళ్ళు దిగిపోయి గట్టు కింద బూడిదరంగు ఒండ్రు మెరుస్తోంది. పొద్దున తేలిన పడవలు పక్కకి ఒరిగి పడుకుని ఉన్నాయి. కొంగలు దిగాయి. ఒకే చోటు, ఆరు గంటల తేడాలో రెండు ఊళ్ళలా ఉంది. వెళ్ళేముందు ఆటుపోట్ల వేళలు ఒకసారి ఫోన్లో చూసుకోండి, రెండూ చూసేలా పెట్టుకోండి. ఒక్కటే చూడగలిగితే నా ఓటు పోటుకే.

గట్టు వెంట ఇళ్ళు కర్ర చట్రాల మధ్య మట్టి, రాయి కూరి కట్టినవి. కొన్ని పదిహేను, పదహారో శతాబ్దాల నాటివి. పై అంతస్తు వీధిలోకి కాస్త ముందుకొచ్చి ఉంటుంది, కప్పులన్నీ నల్ల పలకరాయి. ఒకప్పుడు బ్రిటనీలో పెద్ద రేవుల్లో ఇదొకటి. ఇక్కడి ధాన్యం ఓడలెక్కేది, వైన్ దిగేది. తర్వాత ఓడలు పెద్దవయ్యాయి, రైలు వచ్చింది, సరుకు వేరే దారి పట్టింది. ఇప్పుడు గట్టు నిండా కెఫేలు, రెస్టారెంట్లే. జులై, ఆగస్టుల్లో ఈ చిన్న చౌక్‌లో కాలు పెట్టే చోటుండదని రూమిచ్చిన ఆమె చెప్పింది. సెప్టెంబరులో హాయిగా ఉంది. వీధుల్లో పరిచినవి మాత్రం గుండ్రాళ్ళు, సందులు నిటారుగా ఉంటాయి. చెప్పులు పనికిరావు, బూట్లు వేయించండి. మెట్లెక్కి వెళ్తే పైన సాన్ సొవర్ చర్చి ఉంది. 1886లో పిడుగు పడి తగలబడితే మళ్ళీ కట్టుకున్నారు. నేనొక్కదాన్నే ఎక్కి చూసొచ్చాను, అమ్మ గట్టు మీద బెంచీలో కూర్చుంది.

ఆ గట్టు పేరు బెంజమిన్ ఫ్రాంక్లిన్ గట్టు. ఒక ఇంటి గోడకి ఆయన పేరుతో ఫలకం ఉంది. 1776 డిసెంబరు మొదట్లో, అమెరికా స్వాతంత్ర్యం ప్రకటించుకున్న అయిదు నెలలకి, ఫ్రాన్స్ రాజు సాయం అడగడానికి వచ్చిన ఫ్రాంక్లిన్ దిగింది ఈ ఊళ్ళోనే. అసలు ఆయన ఓడ రిప్రైజల్ వెళ్ళాల్సింది నాంత్ వైపు. గాలి ఎదురు తిరగడంతో చేపల పడవ ఎక్కి ఇక్కడ ఒడ్డు చేరాడు. అప్పటికి ఆయనకి డెబ్బై ఏళ్ళు. చలికాలపు అట్లాంటిక్‌లో నెల రోజుల ప్రయాణం, ఒంట్లో నిలబడే ఓపిక లేదు, వెంట ఇద్దరు మనవలు, చిన్నవాడికి ఏడేళ్ళు. ఇవన్నీ చదివి చెబుతుంటే అమ్మకి రాజకీయం పట్టలేదు. "ఏడేళ్ళ పిల్లాణ్ణి తీసుకుని ఆ వయసులో సముద్రం మీదా!" అని ఆ ఫలకం కేసి చూస్తూ ఉండిపోయింది. ఆ వచ్చిన పని 1778 ఫిబ్రవరిలో ఫ్రాన్స్‌తో ఒప్పందంగా తేలింది. పెద్ద మ్యూజియం ఏమీ లేదు, ఆ ఫలకమే. కానీ ఆయన దిగిన రేవులో నిలబడి, ఎదురుగా అదే పోటు నీళ్ళు చూస్తూ చదివితే పుస్తకంలో చదివిన దానికన్నా బాగా మనసుకి పట్టింది.

ఇక రూము సంగతి. ఇది చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. రేవు పైన సందులో పాత ఇంట్లో గది, రాత్రికి తొంభై అయిదు యూరోలు. బుక్ చేసేటప్పుడు అమ్మ మోకాలి గురించి స్పష్టంగా రాశాను. "కొద్దిగా మెట్లున్నాయి, ఇబ్బంది ఉండదు" అని జవాబొచ్చింది. వెళ్ళి చూస్తే ముప్ఫై ఒక్క మెట్లు. మెలికలు తిరిగిన కర్ర మెట్లు, పట్టుకోవడానికి గోడకి కట్టిన తాడు ఒకటే. అమ్మ ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ పెట్టుకుంటూ ఎక్కింది. పైకి చేరేసరికి ముఖం ఎర్రబడిపోయింది. నాకు టెన్షన్ ఎక్కువైంది, కోపమూ వచ్చింది. ఆమె చెడ్డ మనిషి కాదు, సామాను తనే మోసింది, పొద్దున టిఫిన్ పైకే తెచ్చిపెట్టింది. గది శుభ్రంగా ఉంది, కిటికీ తెరిస్తే నది కనిపిస్తుంది. కానీ ఇరవైల్లో ఉన్న జంటకి "కొద్దిగా మెట్లు", మా అమ్మకి ముప్ఫై ఒక్క మెట్లు. ఈ పాత ఇళ్ళన్నీ ఇంతే. బుక్ చేసే ముందు మెట్లెన్ని, తిన్నవా మెలికలా, పట్టుకోవడానికి ఏముంది, ఈ మూడూ అడిగి జవాబు రాతలో తీసుకోండి. లేదంటే పైన ఊళ్ళో లిఫ్టున్న హోటల్ చూసుకుని రేవుకి టాక్సీలో దిగండి.

తిండికి మొదటి చోట ఎదురుదెబ్బ తగిలింది. రెండుంపావుకి వెళ్తే వంటిల్లు మూసేశామన్నారు. ఇక్కడ మధ్యాహ్న భోజనమంటే పన్నెండు నుంచి రెండు దాకానే, ఆ తర్వాత చాలాచోట్ల మళ్ళీ రాత్రి ఏడుకే పొయ్యి వెలిగేది. అదృష్టం కొద్దీ సందులో పైకి వెళ్తే రోజంతా తెరిచి ఉండే ఒక చిన్న క్రేపరీ, అంటే క్రేప్ అనే పల్చటి అట్లు వేసే చోటు, దొరికింది. ఎనిమిది బల్లలు. వంట చేసే చోటు అందరికీ కనిపించేలా గది మధ్యలోనే ఉంది. అమ్మ కూర్చోలేదు. చేత్తో సైగ చేసి అడిగి, పొయ్యి దగ్గరికెళ్ళి నిలబడిపోయింది.

చూడాల్సిందే అది. గుండ్రటి ఇనప పెనం, మన పెద్ద దోసె పెనం అంత వెడల్పు. దాన్ని బిలిగ్ అంటారు. పిండి బక్‌వీట్ది. ఫ్రెంచిలో దాన్ని నల్ల గోధుమ అంటారు కానీ గోధుమతో దానికి సంబంధం లేదు. పిండి, నీళ్ళు, ఉప్పు, అంతే. రంగు రాగి జావకి దగ్గరగా ఉంది. ఆవిడ జిడ్డుగుడ్డతో పెనం తుడిచి, గరిటెడు పిండి ఒక పక్కగా పోసి, చేతిలో టీ అక్షరంలా ఉన్న చిన్న చెక్కపుల్ల ఆనించీ ఆనించనట్టు తిప్పింది. దాని పేరు రొజెల్. మనం గరిటె అడుగుతో మధ్య నుంచి బయటికి తిప్పుతాం కదా. ఆవిడ అంచు నుంచి మొదలుపెట్టి మణికట్టుతోనే ఒక చుట్టు చుట్టింది, అంతే, పల్చగా పరుచుకుంది. అంచులు చిల్లులు పడి కరకరలాడుతూ పైకి లేచాయి. గుడ్డు కొట్టి, తెల్లసొన మాత్రం వెనక్కి ముందుకీ రాసి, పచ్చసొన మధ్యలో అలాగే ఉంచి, చీజ్ చల్లి, నాలుగు వైపులా మడిచి చదరంగా చేసింది. పచ్చసొన కన్నులా బయటికి కనిపిస్తోంది.

నలభై ఏళ్ళుగా దోసెలు పోస్తున్న అమ్మ చెప్పింది: "పెనం వేడి చూడటానికి నీళ్ళు చిలకరించలేదు గమనించావా? పిండి చప్పుడు విని చూసుకుంటోంది."

అమ్మ గుడ్డు తింటుంది, మాంసం ముట్టదు. బక్‌వీట్ అట్టుని గాలెట్ అంటారు. 'కోంప్లెత్' అనే గాలెట్లో హామ్ కూడా వేస్తారు. వద్దని ముందే చెప్తే గుడ్డు, చీజ్‌తో చేసిస్తారు, మాకు తొమ్మిదిన్నర యూరోలు పడింది. గుడ్డు కూడా తిననివాళ్ళకి పుట్టగొడుగులు, లీక్స్ వేసినవి దొరికాయి. తర్వాత తీపి క్రేప్, వెన్న, పంచదారతో. ఇక్కడి వెన్నలో ఉప్పుంటుంది. తీపిలో ఉప్పు వెన్న ఏమిటనుకుంటాం, మొదటి ముద్ద దాకానే. నేను పింగాణీ గిన్నెలో ఇచ్చే ఆపిల్ సైడర్ తీసుకున్నాను, అమ్మకి ఆపిల్ రసం. ఇద్దరికీ కలిపి ముప్ఫై రెండు యూరోలు. ఆ గట్టు మీద మెరిసే బోర్డుల రెస్టారెంట్ల కంటే ఈ ఎనిమిది బల్లల చోటే నాకు నచ్చింది.

మర్నాడు ఆదివారం. అసలు ప్రయాణం అక్కడికే. సాంత్ ఆన్ దోరే అన్న ఊరు ఇక్కడికి ఆరేడు కిలోమీటర్లు. ఆదివారం బస్సుల్ని నమ్ముకోవద్దు. రూమిచ్చిన ఆమె ద్వారా ఒక డ్రైవర్ని సగం రోజుకి మాట్లాడుకున్నాం, నూట నలభై యూరోలు. ఖరీదే. మోకాలు నొప్పి లేకపోతే సైకిల్ మీద కూడా పోవచ్చు.

ఆన్ అంటే ఎవరని కార్లో అమ్మ అడిగింది. మరియమ్మ తల్లి అన్నాను.

"అన్నమ్మా!" అంది వెంటనే. అమ్మ పదో తరగతి దాకా సిస్టర్ల స్కూల్లో చదివింది. "అన్నమ్మ, జ్వాకీము. మా స్కూలు వరండాలో పటం ఉండేది. అన్నమ్మ గారు చిన్న మరియమ్మకి అక్షరాలు నేర్పుతున్నట్టు. అంటే యేసుకి అమ్మమ్మ కదే."

బ్రెటన్లు కూడా ఆమెని సరిగ్గా అలాగే పిలుస్తారు: బ్రెటన్ల మామ్ గోజ్. మామ్ అంటే అమ్మ, గోజ్ అంటే ముసలి. ముసలమ్మ, అంటే అమ్మమ్మ.

ఈ గుడి కథ ఒక రైతుది. పేరు ఈవ్ నికొలజిక్. కెరానా అనే పల్లెలో ఉండేవాడు. చదువు రాదు, బ్రెటన్ తప్ప ఇంకో భాష రాదు. పల్లె పేరులోనే అన్న ఉంది, కెర్ అంటే పల్లె, అన్న గారి పల్లె. అక్కడ బొసెన్నో అనే చేలో ఒక చోట నాగలి సాగేది కాదు, ఎడ్లు ఆగిపోయేవి. చీకట్లో దారి చూపుతూ ఒక చేయి, ఆ చేతిలో వెలిగే కొవ్వొత్తి అతనికి కనిపించేవి. 1624 జులై 25 రాత్రి ఒక ఆడమనిషి కనిపించి అతని భాషలోనే మాట్లాడింది. "మె జో అన్నా, మామ్ మారి." ఇక్కడ ఒకప్పుడు నాకు గుడి ఉండేది, అది కూలిపోయి 924 ఏళ్ళయింది, మళ్ళీ కట్టు అని చెప్పింది. ఊళ్ళో ఎవరూ నమ్మలేదు, చర్చి ఫాదరీ తిట్టి పంపాడు. 1625 మార్చి 7 రాత్రి ఆ వెలుగు వెంట పోయి, పొరుగువాళ్ళ ముందే అదే చేలో తవ్వితే పాత కర్ర బొమ్మ బయటపడింది. ఆ జులై 26న మొదటి పూజ జరిగింది. 2025లో నాలుగు వందల ఏళ్ళ పండగ ఘనంగా చేశారు.

బ్రెటన్ మాట చదివి వినిపిస్తే అమ్మ అనువాదం అడగలేదు. "నేను అన్నని, మరియ తల్లిని. ఇంతేగా?" అంది.

ఇప్పుడున్న బసిలికా, అంటే పెద్ద చర్చి, పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో గ్రానైట్‌తో కట్టింది, పైన శిఖరం మీద అన్నమ్మ విగ్రహం. కట్టడంగా చూస్తే నాకు బరువుగా అనిపించింది. పాత రేవులోని ఇళ్ళ దగ్గర పుట్టే ప్రేమ దీని మీద వెంటనే పుట్టదు. లోపలికి వెళ్ళాక అభిప్రాయం మార్చుకున్నాను. రాతి గోడలకి చిన్న చిన్న పాలరాతి పలకలు, నిలువునా అడ్డంగా. ఒక్కో దాని మీద ఒక్కో మొక్కు. కృతజ్ఞత అని ఉంటుంది, ఒక ఏడాది ఉంటుంది. చాలావాటి మీద పేర్లు లేవు, రెండు పొడి అక్షరాలే. ఒక పలక మూల విరిగితే సిమెంటుతో అతికించారు, అతికిన చోట అక్షరం సగం పోయింది. అమ్మ ఆ సగం అక్షరం మీద వేలు పెట్టి చూసింది. "మొక్కు చెల్లించుకున్నారు పాపం" అంది.

సముద్రం వాళ్ళ మొక్కులే ఎక్కువ. 1673లో డచ్చి నౌకలతో యుద్ధానికి పోయిన ఆర్జోన్ గ్రామపు నావికులు అన్నమ్మకి మొక్కుకుని ప్రాణాలతో తిరిగొచ్చారు. అది పాటగా కట్టారు, ఆ ఊరివాళ్ళు ఊరేగింపుగా ఇక్కడికి రావడం ఆనవాయితీ అయింది. ముందురోజు సాన్ గుస్తాన్ గట్టు మీద నిలబడి నాకు తోచనిది ఇక్కడ తోచింది. రేవు లేకుండా ఈ గుడి సగమే అర్థమవుతుంది, గుడి చూడకుండా ఆ రేవు కూడా అంతే. మగవాళ్ళు ఆటుతో పడవెక్కి పోయేవాళ్ళు, ఇంటి ఆడవాళ్ళు ఇక్కడికొచ్చి కొవ్వొత్తి వెలిగించేవాళ్ళు. అందుకే రెండూ చూడండి, రేవు ముందు.

పక్కన మందిరంలో ఉన్న అన్నమ్మ విగ్రహం నికొలజిక్‌కి దొరికింది కాదు. దాన్ని ఫ్రెంచి విప్లవం రోజుల్లో కాల్చేశారు. ఎవరో కాపాడిన ఒక ముక్క ఇప్పటి విగ్రహం పీఠంలో ఉంది. దాని ఎదురుగా రెండు యూరోలు వేసి అమ్మ ఒక కొవ్వొత్తి వెలిగించింది. వెలిగించి చెయ్యి దీపం మీద పెట్టి కళ్ళకి అద్దుకుంది. పక్కనున్న బ్రెటన్ ముసలావిడ అది చూసింది. తను కూడా ఒకటి వెలిగించి, మా అమ్మ వైపు చూసి, ఒక్క క్షణం ఆగి, అలాగే చెయ్యి దీపం మీద పెట్టి కళ్ళకి ఆనించుకుంది. ఇద్దరూ మాట్లాడుకోలేదు. నాకు గొంతు పట్టేసింది.

బయట పెద్ద మైదానం. ఒక పక్క రాతి నీటితొట్టెలతో బుగ్గ. ఇంకో పక్క స్కాలా సాంక్తా అనే జంట మెట్ల కట్టడం, దాన్ని భక్తులు మోకాళ్ళ మీద ఎక్కుతారు. మేం వెళ్ళినప్పుడు ఒక మధ్యవయసు మనిషి ఎక్కుతున్నాడు, ప్రతి మెట్టు మీదా ఆగుతూ. "తిరుమలలో మోకాళ్ళ పర్వతం" అని అమ్మ మెల్లగా అంది. తనూ ఎక్కుతుందేమో అని భయపడ్డాను. ఎక్కలేదు, కింద మెట్టుకి దణ్ణం పెట్టుకుని వచ్చేసింది. మైదానమంతా సమంగా ఉంటుంది, వీల్‌చైర్‌కి ఇబ్బంది లేదు. కూర్చోవడానికి చెట్ల కింద బెంచీలున్నాయి. నికొలజిక్ ఇల్లు కూడా దగ్గర్లోనే నిలిపి ఉంచారు, పాత బ్రెటన్ కర్ర సామానుతో. బసిలికాలోకి టికెట్ లేదు.

1914లో పోపు పదో పియస్ అన్నమ్మని బ్రిటనీకి పాలక పునీతగా ప్రకటించాడు. అదే ఏడు యుద్ధం మొదలైంది. ఆ యుద్ధంలో చనిపోయిన బ్రెటన్ల కోసం మైదానం అంచున పెద్ద స్మారకం కట్టారు, చుట్టూ గోడ మీద వేల పేర్లు. ఆ కట్టడం చెప్పే లెక్క 2,40,000 మంది. చరిత్రకారులు తర్వాత వేసిన లెక్కలు దానికన్నా తక్కువే, అయినా ఆ గోడ వెంట నడిచాక అంకెతో పనుండదు. ఒకే ఇంటిపేరు మూడుసార్లు, నాలుగుసార్లు వరసగా వస్తుంది. అమ్మకి ఫ్రెంచి రాదు కానీ ఒకే పేరు మళ్ళీ మళ్ళీ రావడం కనిపెట్టింది. "అన్నదమ్ములా?" అని అడిగింది. కావచ్చు అన్నాను.

మధ్యాహ్నం రెండు చోట్లకి వెళ్ళాం. మొదటిది బ్రెక్ వైపు అమరవీరుల మైదానం. 1795లో విప్లవ ప్రభుత్వాన్ని కూల్చడానికి రాజు పక్షంవాళ్ళు ఇంగ్లీషు ఓడల్లో కిబెరాన్‌లో దిగారు. జనరల్ ఓష్ వాళ్ళని ఓడించాడు. లొంగిపోయిన వందల మందిని ఓరేలో, వాన్‌లో, కిబెరాన్‌లో కాల్చేశారు. ఇక్కడ కాల్చిన చోట చెట్ల వరసల చివర గ్రీకు గుడిలా ఒక చిన్న మందిరం ఉంది. దాని మీద లాటిన్‌లో రెండు మాటలు, ఇక్కడే కూలిపోయారు అని. తడి నేల, కప్పల చప్పుడు, మనిషి లేడు. దగ్గర్లోనే పాత మఠం షార్త్రూజ్. బ్రిటనీ గద్దె ఎవరిదో తేల్చిన 1364 యుద్ధం జరిగిన చోట కట్టింది. మాకు వేళ చాల్లేదు, గేటు ముందు కారు ఆపి చూసి వచ్చేశాం. చరిత్ర ఇష్టమున్నవాళ్ళు దీనికో గంట ఎక్కువ ఉంచుకోండి.

రెండోది నది పక్కన, ప్లుంరే ఊరి కింద చిన్న పల్లె. అక్కడి గుడి పేరు సాంత్ అవ్వా. డ్రైవర్ పేరు చెప్పగానే అమ్మ నా వైపు చూసింది. పొద్దున అమ్మమ్మ, ఇప్పుడు అవ్వ. ఫ్రెంచిలో అది ఒక పునీత పేరే, మన అవ్వతో సంబంధం లేదు, అయినా ఆ పూటకి ఆమె మాకు అవ్వే అయింది. బయటి నుంచి చూస్తే మామూలు పల్లెటూరి రాతి గుడి. లోపల మాత్రం గుడి ఒక గోడ నుంచి ఇంకో గోడ దాకా రంగులు వేసిన కర్ర తెర, ఓక్ చెక్కలో చెక్కింది, 1554 నాటిది. భక్తులు నిలబడే చోటుకీ పూజ జరిగే చోటుకీ మధ్య పూర్వం ఇలాంటి అడ్డుతెరలు ఉండేవి, తర్వాత చాలాచోట్ల తీసేశారు. ఇక్కడ మిగిలింది. అపొస్తలులు వరసగా నిలబడి ఉన్నారు, ఒక్కో ముఖం ఒక్కో రైతు ముఖంలా ఉంది. కింద ఒక గుంట పడిన రాయి ఉంది, అవ్వా ఆ రాయి మీదే సముద్రం దాటి వచ్చిందని కథ. నడక రాని పిల్లల్ని కాళ్ళకి బలం రావాలని అందులో నిలబెట్టేవాళ్ళట. అమ్మ కుడి పాదం బూటు విప్పి ఆ గుంటలో పెట్టింది. తాళం తీసిన పెద్దాయన చూసి ఏమీ అనలేదు, గుడిలో లైటు ఇంకొకటి వేశాడు. ఇది ఎప్పుడూ తెరిచి ఉండదు. ముందురోజే ఓరే టూరిజం ఆఫీసులో అడిగి వేళ తెలుసుకోండి.

మొత్తం ఇద్దరికీ రైళ్ళు, గది, కారు, తిండి కలిపి నాలుగు వందల యూరోల లోపు అయింది. అందులో నేను తగ్గించుకోగలిగింది కారు, మార్చుకోవాల్సింది గది. ఒక్క రోజులో పరిగెత్తి చూడొద్దు. ఒక రాత్రి ఉంటేనే పోటూ ఆటూ రెండూ దక్కుతాయి. నెల ఎంచుకునే వీలుంటే జూన్ గానీ సెప్టెంబరు గానీ. జులై 25, 26 తేదీల్లో పెద్ద పర్దోన్, అంటే అన్నమ్మ జాతర. రాత్రి దివిటీల ఊరేగింపు, పట్టు జెండాలు, పాత తలపాగాల ఆడవాళ్ళు ఉంటారని చెప్పారు. ఆ రోజులకి గది నెలల ముందే చూసుకోవాలట.

సాయంత్రం రైలుకి ముందు ఆ క్రేపరీకి ఇంకోసారి వెళ్ళాం. బ్రెటన్‌లో థాంక్యూ ఎలా చెప్తారో అడగమంది అమ్మ. ట్రుగారె అంటారు. వెళ్ళొచ్చేటప్పుడు పొయ్యి దగ్గరికి వెళ్ళి ఆవిడతో ఆ మాట చెప్పింది. ఆవిడ రొజెల్ పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, పెనం మీదున్న క్రేప్ కాగితంలో చుట్టి అమ్మ చేతిలో పెట్టింది. డబ్బు తీసుకోలేదు. రైలు వాన్ ఊరు దాటేదాకా అమ్మ దాన్ని విప్పలేదు, ఒళ్ళో వెచ్చగా ఉందని అలాగే పట్టుకుని కూర్చుంది.